పాత అంబాసిడర్‌లో తుప్పు ఎక్కడ దాక్కుంటుంది

పాత అంబాసిడర్ కారో ప్రీమియర్ పద్మినీనో అమ్మకానికి ఉందని తెలియగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: ఇంజిన్ స్టార్ట్ అవుతుందా? నన్నడిగితే అది చివర అడగాల్సిన ప్రశ్న. ఇంజిన్ పట్టేసి ఉన్నా విప్పొచ్చు, బోరు చేయించొచ్చు, కొత్త పిస్టన్లు వేయించొచ్చు, ఏదీ కుదరకపోతే మొత్తంగా వేరే ఇంజిన్ తెచ్చి పెట్టించి ఆర్‌సీలో ఆ నంబరు మార్పించుకోవచ్చు. అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన బండి, దాని ఇంజిన్ పని తెలిసిన మెకానిక్‌లు ఇంకా దొరుకుతారు. బాడీ సంగతి వేరు. తుప్పు తినేసిన రేకును గట్టి ఇనుము తగిలేదాకా కోయాలి, కొత్త రేకును అదే వంపుకు కొట్టాలి, కాలిపోకుండా వెల్డింగ్ పెట్టాలి, మళ్లీ సాపు చేయాలి. ఈ పనికి రోజులు పడతాయి, ఒక్కోసారి నెలలు, డబ్బంతా అక్కడే పోతుంది.

అందుకే తుప్పు పట్టిన కారు ముందు నిలబడినప్పుడు తుప్పు ఎంత ఉందనేదాని కన్నా అది ఎక్కడ ఉందనేది చూడాలి. మడ్‌గార్డు మీద అరచేయంత రంధ్రం ఉన్న కారు కొనదగ్గదే కావచ్చు, పైన నిగనిగలాడుతూ డోర్ల కింద వేలెడు చిల్లు ఉన్న కారును వదిలేయాల్సి రావచ్చు.

కారణం బాడీ కట్టిన తీరులో ఉంది. లారీకైతే కింద గట్టి చాసిస్ ఉంటుంది, మిగతాదంతా దాని మీద కూర్చుంటుంది. అంబాసిడర్, పద్మిని అలాంటివి కావు. వీటిలో బాడీయే చాసిస్, ఇంజనీర్లు దీన్ని మోనోకాక్ అంటారు. సుమారు ఒక మిల్లీమీటరు మందం రేకును మడిచి, అంచులు కలిపి, స్పాట్ వెల్డింగ్ చేసి, లోపల ఖాళీగా ఉండే బాక్సుల్లా తయారు చేస్తారు. డోర్ల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా రెండు వైపులా వెళ్లే బాక్సులు వాటిలో ముఖ్యమైనవి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి తిరిగేటప్పుడు బాడీని ఎవరో మెలిపెడుతున్నట్టు బలం పడుతుంది కదా, దాన్ని తట్టుకునేది ఇవే. కొండకు ఏళ్ల తరబడి ట్యాక్సీగా తిరిగిన బండి అయితే ఈ భాగాలు మిగతావాటికన్నా ఎక్కువ కష్టపడి ఉంటాయి.

బట్టల షాపులో గుడ్డ చుట్టే అట్ట గొట్టాన్ని రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, కదలదు. అదే గొట్టాన్ని పొడవునా ఒక్క గీతలా కత్తితో చీల్చి మళ్లీ మెలిపెట్టండి, ఇట్టే తిరిగిపోతుంది. అట్ట ఒక్క గ్రాము కూడా తగ్గలేదు, అంచులు విడిపోయాయంతే. లెక్క వేస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది: 5 సెంటీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న ఇనుప గొట్టాన్ని నిలువునా చీలిస్తే, మెలికను ఎదిరించే గట్టిదనం దాదాపు 1,800 రెట్లు పడిపోతుంది. కారు కింద బాక్సు అతుకు వెంట తుప్పు తినడమంటే అచ్చంగా ఆ చీలికే. చూడ్డానికి రేకు మూడొంతులు మిగిలే ఉంటుంది, కానీ బాక్సు బాక్సులా పనిచేయడం మానేసి ఉంటుంది.

మరి తుప్పు సరిగ్గా ఆ అతుకులనే ఎందుకు వెతుక్కుంటుంది? కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1926లో చేసిన చిన్న ప్రయోగం దీన్ని అందంగా వివరిస్తుంది. శుభ్రంగా రుద్దిన ఇనుము మీద ఒక ఉప్పునీటి చుక్క వేశాడు. చుక్క అంచు పలుచన కాబట్టి అక్కడికి గాలిలోని ఆక్సిజన్ తేలిగ్గా అందుతుంది, నడిమధ్యకు అందదు. గాలి బాగా తగిలే అంచు దగ్గరే ఇనుము పోతుందని అనుకుంటాం. జరిగేది దానికి విరుద్ధం. ఆక్సిజన్ అందని మధ్యలో ఇనుము కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది, అవి లోహం గుండా అంచుకు పోయి అక్కడి ఆక్సిజన్‌తో, నీటితో కలుస్తాయి, ఈ రెండు చోట్లకూ నడుమ ఎర్రటి తుప్పు వలయంగా పేరుకుంటుంది. అంటే తుప్పు కనబడే చోటు, ఇనుము పోయే చోటు ఒకటి కాదు! రెండు రేకులు కలిసిన సందులో నీరు చేరితే ఇదే కథ. సందు నోటి దగ్గర గాలి ఉంటుంది, లోపల ఉండదు, లోపలి ఇనుము కరుగుతూ పోతుంది. రేకుల్ని కలిపిన చోటే బాడీకి బలం, ఆ చోటే నీరు నిలిచే సందు.

దీనికి తోడు తుప్పు ఉబ్బుతుంది. పోయిన ఇనుము కన్నా దాన్నుంచి పుట్టిన తుప్పు రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందులో నీరు ఎంత కలిసిందన్న దాన్ని బట్టి. ఆ ఒత్తిడికి స్పాట్ వెల్డింగ్ చేసిన రేకులు విడిపోతాయి, రంగు కింద బుడగలు లేస్తాయి. రాయి తగిలి రంగు లేచిన చోటైతే తుప్పు పైనుంచే మొదలై ఉండొచ్చు, కానీ ఏ గీతా లేని చోట, డోరు కింది అంచులోనో చక్రం వంపు మీదో బుడగ కనిపిస్తే అది లోపలి నుంచి బయటికి వచ్చిన తుప్పు, అంటే పని పూర్తి చేసుకుని చివర్లో మీకు కనిపించింది. అమ్మేవాళ్లు దాన్ని ‘కొంచెం రంగు లేచిందంతే’ అంటారు. నమ్మొద్దు.

బండి ఏ ఊళ్లో బతికిందో కూడా అడగాలి. శుభ్రమైన ఇనుముకు గాలిలో తేమ 60 శాతం లోపు ఉంటే తుప్పు దాదాపు నడవదు, అది దాటితే జోరందుకుంటుంది. మదనపల్లె వైపు పొడి గాలిలో షెడ్డు కింద ఉన్న బండికి ఇది వరం. కానీ ఉప్పు చేరిందా, లెక్క మారిపోతుంది. సముద్రపు ఉప్పులో మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది 33 శాతం తేమలో కూడా గాలి నుంచి నీరు లాక్కుని తడిగా మారుతుంది. అందుకే చెన్నై బీచ్ దగ్గరో నెల్లూరు తీరంలోనో ఏళ్లు గడిపిన కారును చిత్తూరుకు తెచ్చి పెట్టినంత మాత్రాన తుప్పు ఆగదు, సందుల్లోని ఉప్పు ఇక్కడి పొడి గాలిలోనూ తన పని చేస్తూనే ఉంటుంది.

తిరుపతి బండి అయితే ఇంకో ప్రశ్న: 2021 నవంబర్‌లో ఎక్కడుంది? ఆ వరదల్లో నగరంలో ఎన్నో బండ్లు నీళ్లలో నిలిచిపోయాయి. పైన కడిగి తుడిచేస్తారు, బాక్సుల లోపల చేరిన బురదను ఎవరూ తీయరు. బురద తేమను పట్టి ఉంచుతుంది, దాని కింద గాలి అందదు, ఎవాన్స్ చుక్క మధ్యలో ఉన్న పరిస్థితే. సీటు కింద ఫ్రేములో, హెడ్‌లైట్ల వెనక, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంతలో వేలు పెట్టి రుద్దండి. సన్నని ఒండ్రు మట్టి అంటుకుంటే బండి మునిగిందనే అనుమానించాలి. మునగకపోయినా, చింతచెట్టు కింద వదిలేసిన కార్లకు ఒక ప్రత్యేకమైన రోగం ఉంది. ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే సందులోకి ఆ సన్నని ఆకు రాలి, నీరు పోయే దారిని మూసేస్తుంది. వాన నీరు అక్కడే నిలిచి, డ్యాష్‌బోర్డు వెనక రేకును తిని, కారు లోపలి ఫ్లోరు మీదికి దిగుతుంది. కాళ్ల కింద మ్యాటు ఎత్తి చూడకుండా ఏ కారునూ కొనకండి.

చూడ్డానికి పెద్ద సామాను అక్కర్లేదు. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద నడిపించండి. దూరం కొద్దిగా పెరిగినా అయస్కాంతం పట్టు బాగా తగ్గిపోతుంది, రంగు పొర మిల్లీమీటరులో చిన్న భాగమే కాబట్టి అది అడ్డు కాదు, చిల్లును కప్పడానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల పుట్టీ పూసి ఉంటే మాత్రం జారిపోతుంది. అయితే దీన్ని పూర్తిగా నమ్ముకోలేం. కుళ్లిన బాక్సు మీద కొత్త రేకు తొడిగి వెల్డింగ్ పెట్టేసి ఉంటే అయస్కాంతం గట్టిగానే అతుక్కుంటుంది, లోపలి కుళ్లు అలాగే ఉంటుంది. కింద దట్టంగా, కొత్తగా నల్లరంగు పూసి ఉంటే కూడా అంతే అనుమానం. అందుకని వేలి కణుపుతో కొట్టి వినండి, గట్టి రేకు టంగుమంటుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది. ఓనర్‌ను అడిగి స్క్రూడ్రైవర్‌తో కింది అతుకులను నొక్కి చూడండి. ఒప్పుకోకపోతే అది కూడా ఒక సమాధానమే.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష జాకీ. ముందుగా నాలుగు డోర్ల చుట్టూ ఉన్న సందులు చూసుకోండి, తర్వాత ఒక వైపు జాకీ పెట్టి నెమ్మదిగా ఎత్తండి (కిందికి మాత్రం దూరొద్దు). జాకీ పెట్టిన చోటు నలిగి లోపలికి పోయినా, చక్రం లేచేసరికి డోరు పట్టేసినా, పైన సందు ఒకవైపు మూసుకుపోయినా ఆ బాడీ చీల్చిన గొట్టంలా మారిందన్నమాట. అలాంటి బండిని మామూలు టింకరింగ్ షెడ్డు బాగు చేయలేదు. బాడీని సరైన ఆకారంలో బిగించి పెట్టి, కొలతలు చూసుకుంటూ బాక్సులు మార్చాలి. అలా చేయకుండా వెల్డింగ్ పెడితే ఆ వంకర శాశ్వతమవుతుంది.

జీపుకూ, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కూ ఈ లెక్క కొంచెం సడలించవచ్చు. వాటికి విడి చాసిస్ ఉంది, పైన రేకు ఎంత పోయినా అది నిలబడి ఉంటే ఆశ ఉంటుంది. అప్పుడు మీ స్క్రూడ్రైవర్, సుత్తి చాసిస్ మీద పనిచేయాలి.

తుప్పును మార్చేస్తాయని అమ్మే ద్రావణాల గురించి చాలామంది అడుగుతారు. వాటిలో సాధారణంగా ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉంటుంది. రెండోది కరక్కాయలో ఉండే టానిన్ల జాతిదే, కరక్కాయ రసంలో ఇనుము కలిపి నల్ల సిరా చేసేవాళ్లు కదా, ఆ రసాయన చర్యే ఇక్కడ తుప్పును నల్లటి పొరగా మారుస్తుంది. పలుచటి పైతుప్పుకు ఇవి మంచివే. పోయిన మందాన్ని తిరిగి తేలేవు, సందు లోపలికి చేరలేవు.

కొనాలా వద్దా అని తేల్చుకునే ముందు టింకరింగ్ మేస్త్రిని వెంట తీసుకెళ్లండి, ‘మొత్తం ఎంతవుతుంది మేస్త్రీ’ అని కాకుండా ‘ఎన్ని రోజుల పని’ అని అడగండి. ఆ రోజుల్ని ఆయన కూలీతో గుణించి, దానికి సగం కలుపుకోండి, ఎందుకంటే కోశాక బయటపడేది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. మడ్‌గార్డులు, డోర్ల కింది అంచులు, డిక్కీ ఫ్లోరు పోయి బాక్సులు గట్టిగా ఉంటే నేను కొనమంటాను, ఇంజిన్ కదలకపోయినా సరే. బాక్సులు, స్ప్రింగులు బిగించే చోట్లు, డోర్ల స్తంభాల కింది భాగం మూడూ పోయి ఉంటే, అది మీ తాతగారి కారైతే తప్ప వదిలేయండి. విడిభాగాల కోసం కొనడం వేరే లెక్క. గ్రిల్లు, క్రోమ్ బంపర్లు, అద్దాలు, బీడింగులు అన్నీ ఉన్న బండి అయితే దానికీ విలువ ఉంది.

కాగితాలు చూడ్డం మర్చిపోవద్దు. చాసిస్ నంబరు ఆర్‌సీతో కలవాలి, తుప్పు ఆ అంకెల్ని తినేసి ఉంటే ఆర్‌టీఓ ఆఫీసులో చాలా తిరగాల్సి వస్తుంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న కార్లను 2021 కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ కింద ‘వీఏ’ సిరీస్‌లో నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకు నడపకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు.

కొన్నారే అనుకోండి, రంగు గురించి అప్పుడే ఆలోచించకండి. ఏప్రిల్, మే నెలల్లో పని మొదలుపెట్టండి. బాక్సుల కింద, డోర్ల కింద నీరు కారడానికి వదిలిన చిన్న రంధ్రాలు ఉంటాయి, చాలావరకు మట్టితో మూసుకుపోయి ఉంటాయి. సన్నని తీగతో వాటిని పొడిచి తెరిచి, లోపలికి మంచినీళ్లు కొట్టి ఉప్పు, బురద పోయేదాకా కడగాలి. తర్వాత మన ఎండలో కొన్ని వారాలు డోర్లు తెరిచి ఆరనివ్వాలి. వెల్డింగులన్నీ అయ్యాకే బాక్సుల లోపలికి పైపుతో మైనపు ద్రావణం కొట్టించాలి, ముందే కొట్టిస్తే వెల్డింగ్ మంటకు అది అంటుకుంటుంది. అక్టోబర్ వానలు మొదలయ్యేలోపు ఇంతవరకూ వస్తే చాలు, రంగు పని సంక్రాంతి తర్వాత పెట్టుకోవచ్చు.