దారం లేని మెత్తదనం

చిరంజీవులు చిన్నీకి, బుజ్జిగాడికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మమ్మ మోకాలి నొప్పి కూడా కాస్త తగ్గింది.

మొన్న మీరొచ్చినప్పుడు కారు డిక్కీలో మామిడిపళ్ళ బుట్ట ఒరిగి రసమంతా కారింది కదా. మీ నాన్న విసుక్కుంటూ తుడుస్తుంటే బుజ్జిగాడు మాత్రం ఆ బూడిదరంగు కార్పెట్‌ని గోటితో గీకి, "తాతయ్యా, ఇది బట్టే కదా, మరి దారం ఏదీ?" అన్నాడు. నేను ఇరవై రెండేళ్ళు మద్రాసు పక్కన అలాంటి కార్పెట్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేశాను. ఇన్నేళ్ళలో ఇంట్లో ఒక్కరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. అప్పుడు మీకు ప్రయాణం హడావిడి. అందుకే తీరిగ్గా ఇప్పుడు రాస్తున్నాను.

దారం లేదురా. అసలు వడకనే లేదు.

అమ్మమ్మ దీపానికి ఒత్తి చేసేటప్పుడు చూశారుగా. దూదిని అరచేతుల మధ్య పెట్టి పులుముతుంది. పులమక ముందు ఊదితే ఎగిరిపోయే దూది, పులిమాక లాగినా తెగదు. ఆ మెలికే దారానికి ప్రాణం. నేతగాడు ఆ దారాలను నిలువుగా, అడ్డంగా అల్లితే బట్ట అవుతుంది. ముఖమల్‌లా మెత్తగా పైకి లేచిన నూగు కావాలంటే ఇంకో వరస దారాలు కూడా వేసి, వాటిని చివర్లో కత్తిరించాలి. ఏలూరు తివాచీలకైతే ఆ నూగును ఒక్కో ముడిగా చేత్తోనే వేస్తారు. అదంతా దారం దారి.

మాది చిక్కు దారి. చిన్నీ, నీ జుట్టు జడ వేస్తే ఒక తీరు. వెయ్యకుండా నిద్రపోతే పొద్దున్నకి ఇంకో తీరు. ఆ చిక్కు తియ్యడానికి మీ అమ్మ దువ్వెన పట్టుకుంటే ఎంత గోల చేస్తావు! జడ విప్పడం తేలికే గానీ చిక్కు విడదీయడం కష్టం. నేయకుండా చేసే బట్టకు బలమంతా ఆ చిక్కులోనే ఉంది. అయితే ఆ చిక్కును మేం పద్ధతిగా పెడతాం.

మా దగ్గరికి వచ్చే సరుకు పాలిస్టర్ పీచు. వేలెడు పొడవు ముక్కలుగా కోసి, బేళ్ళు కట్టి పంపుతారు. వాడి పారేసిన నీళ్ళ సీసాలను కరిగించి తీసిన పీచు కూడా అందులో ఉంటుంది. రంగు తరవాత అద్దింది కాదు, కరిగించినప్పుడే కలిపేస్తారు. అందుకే ఎండకి అంత తొందరగా వెలవదు. ముందు బేలు విప్పి పీచును చెదరగొట్టాలి. తరవాత కార్డింగ్, అంటే దువ్వడం. మా చిన్నప్పుడు పొందూరు వెళ్తే ఆడవాళ్ళు గింజ తియ్యని పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వేవాళ్ళు. ఆ దవడకుండే సన్నటి పళ్ళు పత్తిని శుభ్రం చేసి, పీచునంతా ఒక దారికి తెస్తాయి. ఫ్యాక్టరీలో అదే పనికి మనిషెత్తు రోలర్లు, వాటి చుట్టూ రంపపు పళ్ళలాంటి తీగ. అందులోంచి బయటికొచ్చే పొర ఎంత పల్చనో చెప్పలేను. పొద్దున్నే పొలం మీద మంచు చూశారా, అలా ఉంటుంది. దాన్ని ముందుకీ వెనక్కీ మడతలు వేస్తూ పోతే పరుపంత మందం వస్తుంది. చేత్తో పట్టుకుంటే మాత్రం విడిపోతుంది. ఇంకా చిక్కు పడలేదుగా.

ఇప్పుడు సూదులు. ఈ మిషన్‌ని నీడిల్ లూమ్ అంటారు. లూమ్ అంటే మగ్గం. నేత లేకపోయినా ఆ పేరు ఎందుకో, నాకు ఎప్పుడూ నవ్వే. ఈ సూదికి దారం ఎక్కించే బెజ్జం ఉండదు. మొన దగ్గర మూడు పలకలుగా ఉంటుంది. ఒక్కో అంచున మూడేసి చొప్పున తొమ్మిది చిన్న ముళ్ళుంటాయి. అన్నీ కిందికే తిరిగి ఉంటాయి. సూది కిందికి దిగేటప్పుడు ఆ ముళ్ళు పైపీచును పట్టుకుని అడుగుకి లాక్కెళ్తాయి. పైకి వచ్చేటప్పుడు పీచు వాటి నుంచి జారి అడుగునే ఉండిపోతుంది. వేల సూదులున్న పలక నిమిషానికి వెయ్యిసార్లకు పైగా దిగి లేస్తుంటే పరుపంత దూది గట్టి ఫెల్టు, అంటే చిక్కుపడి ఒత్తుకుపోయిన పీచు బట్ట, అవుతుంది. ఏకై వచ్చి మేకైనట్టు అంటారే, మా దగ్గర అది నిజంగానే జరిగేది!

ఇంతవరకు వచ్చింది ఒట్టి ఫెల్టు. నూగు ఇంకా లేవలేదు. దానికి రెండో మిషన్ ఉంది, నాకు ముద్దొచ్చేది అదే. ఇక్కడి సూదులకు ముళ్ళుండవు, మొన పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది. ఫెల్టు కింద, మొదటి మిషన్‌లో ఉండే ఇనప పలకకు బదులు బ్రష్షు ఉంటుంది. బట్టల బ్రష్షుని వెల్లకిలా పడుకోబెట్టి మిషన్ వెడల్పంతా పరిచినట్టు ఊహించుకోండి. అది ఫెల్టుతోపాటు నడుస్తుంది. చీలిన మొన కొన్ని పీచులను పట్టి బ్రష్షు కుచ్చుల మధ్యకు దింపి తాను పైకి వచ్చేస్తుంది. కుచ్చులు ఆ పీచులను వదలవు, నిటారుగా నిలబెడతాయి. అంటే మెత్తటి ముఖం తయారయ్యేది అడుగున, ఎవరికీ కనబడని చోట. మిషన్ చివర బ్రష్షు మీంచి బట్టను ఒలిచి తిప్పితే అప్పుడు కనిపిస్తుంది. అక్కడ నిలబడి చెయ్యి పెట్టి నిమరని రోజు నాకు గుర్తులేదు. చివరికి వెనకవైపు లేటెక్స్ అనే రబ్బరు జిగురు పూసి ఓవెన్‌లో ఆరబెడతారు. అది పీచుల కాళ్ళను పట్టి ఉంచుతుంది.

ఒకసారి నేను చేసిన తప్పు చెబుతాను. వాడగా వాడగా సూదులు అరుగుతాయి. పద్ధతి ఏమిటంటే, అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఈసారి మూడో వంతు, వచ్చేసారి ఇంకో మూడో వంతు, ఇలా వంతులవారీగా మార్చాలి. నేనేమో ఆర్డరు టెన్షన్‌లో రాత్రి షిఫ్టులో మొత్తం పలక కొత్త సూదులతో నింపేశాను. కొత్తవి ఎక్కువ పీచు దింపాయి. నూగు నిన్నటి కంటే ఒత్తుగా లేచింది. దాంతో అదే పీచు, అదే రంగు, చూస్తే మాత్రం ఒక ఛాయ ముదురు. ఒక కారులో ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది బిగిస్తే మీరైనా కనిపెట్టేస్తారు. ఆ రాత్రి తీసిన రోల్సన్నీ వెనక్కి వచ్చాయి.

చిన్నీ, నీ ఎలుగుబంటి బొమ్మ సంగతి కొంచెం వేరు. అలాంటి పొడవాటి బొచ్చు బట్టల్లో చాలావాటికి వెనక అల్లిక ఉంటుంది, బొచ్చు మాత్రం వడకని ఏకు, అంటే దువ్విన పీచు పాయ, నుంచే వస్తుంది. అల్లే మిషన్ కొక్కేలకు ఏకును నేరుగా అందిస్తారు. ప్రతి కుట్టులో ఒక కుచ్చు ఇరుక్కుంటుంది. తరవాత దువ్వి, సమంగా కత్తిరిస్తారు. బొమ్మకు ఎక్కడైనా కుట్టు ఊడి ఉంటే లోపలివైపు చూడు, స్వెట్టర్ అల్లికలా ఉంటుంది. ఊడకపోతే ఊడదీయకు.

దారమే లేకుండా కుట్టే మిషన్లు కూడా ఉన్నాయి. అవి దారాలను కుట్టే పద్ధతి నుంచే పుట్టాయి. తూర్పు జర్మనీలో లింబాక్-ఓబర్‌ఫ్రోనా అనే ఊళ్ళో హైన్రిష్ మావెర్స్‌బెర్గర్ అనే ఆయన 1949లో మాలిమో అనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అందులో నేయకుండా, పరిచిన దారాలను కుట్టి బట్ట చేసేవారు. ఆ పద్ధతుల వరసలోనే తరవాత కునిట్ అనేది వచ్చింది. అది పీచు పొరను మడతలుగా నెట్టి, అదే పీచుతో ఒకవైపు కుడుతుంది, రెండోవైపు నూగు మిగులుతుంది.

ఇదంతా విని ఇది నేత కంటే గొప్పదని అనుకోకండి. సూదులతో చేసిన బట్ట ఒంటి మీద వాలదు, చొక్కాకు పనికిరాదు. రాలిన పీచు ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. కారు డిక్కీకి మాత్రం ఇంతకు మించింది నేను చూడలేదు. ఏ వంపులోకైనా వేడిచేసి నొక్కితే ఒదిగిపోతుంది, ఎక్కడ కోసినా అంచు దారాలు ఊడవు.

బుజ్జీ, ఒక పని చెయ్యి. ఒత్తుల దూది అరచేయంత పరిచి బట్టల బ్రష్షు మీద పెట్టు. ఐస్‌క్రీం పుల్ల చివర అమ్మ చేత చిన్న గంటు పెట్టించి, దాంతో దూదిని కుచ్చుల్లోకి వందసార్లు గుచ్చు. తరవాత మెల్లగా ఒలిచి అడుగువైపు చూడు.

మీ నాన్నకి చెప్పు, ఆ మరకను అటూ ఇటూ రుద్దితే నూగు పడుకుండిపోతుంది. తడి గుడ్డ అద్ది తియ్యమను.

మీ
తాతయ్య