పేరు సరిగ్గానే ఉంది, లింక్ ఎందుకు పడలేదు? డాక్స్ లింకుల మీద అపోహలు - వాస్తవాలు

"స్పెల్లింగ్ మళ్లీ మళ్లీ చూసుకున్నాను, పేరు కరెక్టే, అయినా లింక్ పడట్లేదు." డాక్స్ బిల్డ్ (కోడ్‌లోని కామెంట్ల నుంచి డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచెయ్యడం) చూసుకునే పని నా నెత్తిన పడ్డప్పటి నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే. నేను జవాబు రాసేలోపే ఇంకెవరో సలహా పడేస్తారు: "కార్గో క్లీన్ కొట్టి మళ్లీ బిల్డ్ చెయ్, అదే వస్తుంది." (కార్గో అంటే రస్ట్ భాష బిల్డ్ టూల్, క్లీన్ అంటే పాత బిల్డ్ ఫైళ్లు తుడిచెయ్యడం.) రాదు. వస్తుందని ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాట మాత్రం టీమ్ నుంచి టీమ్‌కి ఎగురుకుంటూ పోతూనే ఉంది.

నా పని ఎక్కువగా రస్ట్ భాష డాక్స్ టూల్ రస్ట్‌డాక్‌తో, అప్పుడప్పుడు పైథాన్ ప్రాజెక్టుల డాక్స్ టూల్ స్ఫింక్స్‌తో. అందుకే ఉదాహరణలు అక్కడివే.

అపోహ: లింక్ కోసం కామెంట్‌లో బ్రాకెట్లో పేరు పెడితే చాలు, ఆ పేరు ఎక్కడున్నా టూల్ వెతికి పట్టుకుంటుంది.

అందరి టైమూ ఎక్కువగా తినేది ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

రస్ట్‌డాక్ పేర్లని వెతకదు, రిజాల్వ్ చేస్తుంది. కోడ్‌లో ఒక పేరు కనిపిస్తే అది దేనిదో కంపైలర్ ఎలా తేలుస్తుందో, కామెంట్‌లో ఉన్న పేరునీ అలాగే తేలుస్తుంది. అంటే స్కోప్ (ఆ చోటి నుంచి నేరుగా వాడగలిగే పేర్ల పరిధి) చూస్తుంది. లెక్సర్ అనే మాడ్యూల్లో టోకెన్ అనే స్ట్రక్ట్ (ఒక డేటా టైప్) ఉందనుకోండి. పార్సర్ మాడ్యూల్లో ఒక ఫంక్షన్ మీద కామెంట్ రాస్తూ [టోకెన్] అన్నారు. పార్సర్‌లోకి టోకెన్ ఇంపోర్ట్ కాలేదు. అక్కడి నుంచి చూస్తే ఆ పేరుతో ఏమీ లేదు. స్కోప్‌లో ఆ పేరు గల ఐటమ్ లేదని వార్నింగ్ వస్తుంది, పేజీలో బ్రాకెట్లతో సహా ఉత్త అక్షరాలు మిగులుతాయి. పక్క మాడ్యూల్లోనే ఉంది కదా అంటే కుదరదు. కోడ్‌లో కుదరనిది కామెంట్‌లో ఎలా కుదురుతుంది?

ఇక్కడ చాలామంది చేసే పని, లింక్ కోసమే పైన ఒక యూజ్ లైన్ (రస్ట్‌లో ఇంపోర్ట్) పెట్టడం. లింక్ పడుతుంది. వెంటనే కంపైలర్ ఆ ఇంపోర్ట్ వాడట్లేదని గొణుగుతుంది. దాని నోరు మూయించడానికి ఒక అలౌ ఆట్రిబ్యూట్ తగిలిస్తారు. కొన్నాళ్లకి ఇంకెవరో వచ్చి వాడని ఇంపోర్టులన్నీ ఏరిపారేస్తారు, వాటితో పాటే లింకులూ పోతాయి. జావా వాళ్లకీ ఈ కథ కొత్త కాదు, జావాడాక్ కోసమే బతికే ఇంపోర్టులు అక్కడా కనబడతాయి. అంత అవసరం లేదు. పూర్తి పాత్ రాయండి: క్రేట్::లెక్సర్::టోకెన్ (క్రేట్ అంటే మీ రస్ట్ లైబ్రరీ లేదా ప్రోగ్రామ్ మొత్తం). వాక్యంలో అది పొడుగ్గా అనిపిస్తే వాక్యంలో పొట్టి పేరే ఉంచి, కామెంట్ చివర ఒక లైన్లో [టోకెన్]: క్రేట్::లెక్సర్::టోకెన్ అని పెట్టండి. మామూలు మార్క్‌డౌన్ పద్ధతే ఇది, హెచ్‌టీఎంఎల్ అడ్రస్ బదులు పాత్ ఇస్తున్నాం, అంతే.

ఇంతవరకూ నయం, వార్నింగన్నా వస్తోంది. అసలు దెబ్బ రీ-ఎక్స్‌పోర్ట్ (ఒక మాడ్యూల్లోని ఐటమ్‌ని ఇంకో మాడ్యూల్ నుంచి కూడా అందివ్వడం) దగ్గర తగులుతుంది.

లెక్సర్‌లోని టోకెన్‌ని పబ్ యూజ్‌తో క్రేట్ రూట్‌లోకి, అంటే అన్నిటికంటే పై మాడ్యూల్లోకి తెచ్చారు. పాఠకుడికి అది మొదటి పేజీలోనే కనిపిస్తుంది. రూట్‌లో ఎర్రర్ అని ఒక ఈనమ్ (కొన్ని వేరియంట్లలో ఏదో ఒకటిగా ఉండే టైప్) కూడా ఉంది, క్రేట్ మొత్తానికీ వాడే ఎర్రర్ టైప్ అది. టోకెన్ మీద కామెంట్‌లో మీరు [ఎర్రర్] అని రాశారు, మీ మనసులో ఉన్నది రూట్‌లోనిది. కానీ కామెంట్ రాసిన చోటు లెక్సర్. టోకెన్ ఏ పేజీలో కనిపించినా, దాని కామెంట్‌లోని పేర్లు టోకెన్ పుట్టిన మాడ్యూల్ స్కోప్‌లోనే రిజాల్వ్ అవుతాయి. లెక్సర్‌కి సొంతంగా ఇంకో పబ్లిక్ ఎర్రర్ ఉంటే లింక్ దానికి పోతుంది. వార్నింగ్ ఉండదు, ఎందుకంటే రస్ట్‌డాక్ లెక్కలో తప్పేమీ జరగలేదు. పేరు దొరికింది, లింక్ పడింది.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇదే జరిగింది. కొత్తగా చేరిన అమ్మాయి ఆ లింక్ పట్టుకుని వెళ్లి లోపలి ఎర్రర్ పేజీ అంతా చదివింది. ఫంక్షన్ తిరిగిచ్చే వేరియంట్ ఆ పేజీలో లేదు. డాక్స్‌లో తప్పుందని ఆమెకి అనిపించలేదు, తనకే ఏదో అర్థం కావట్లేదనుకుంది. సీనియర్లని అడగడానికి మొహమాటపడి సాయంత్రం దాకా దాంతోనే కుస్తీ పట్టింది. బ్రాకెట్లు మిగిలిన లింక్ పాఠకుడికి కనీసం అనుమానం కలిగిస్తుంది. తప్పు చోటికి పోయే లింక్ అదీ చెయ్యదు, పాఠకుడు తనని తానే అనుమానించుకుంటాడు. అందుకే ఎర్రర్, రిజల్ట్, కాన్ఫిగ్ లాంటి ఊరంతా ఉండే పేర్లకి మా దగ్గర పూర్తి పాత్ లేకుండా లింక్ రాస్తే నేను రివ్యూలో ఆపేస్తాను. చాదస్తం అంటారు. అననివ్వండి.

దీనికి పిలకలు ఇంకో రెండున్నాయి. మాడ్యూల్ డిక్లరేషన్ పైన మూడు స్లాష్‌లతో రాసే కామెంట్ బయటి మాడ్యూల్ స్కోప్‌లో రిజాల్వ్ అవుతుంది. అదే మాటని ఆ మాడ్యూల్ ఫైల్లోపల, రెండు స్లాష్‌లూ ఆశ్చర్యార్థకంతో రాస్తే లోపలి స్కోప్‌లో అవుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ కొట్టి "నిన్నటిదాకా పనిచేసిందండీ" అనేవాళ్లు దాదాపు అందరూ ఈ బాపతే. రెండోది, పబ్ యూజ్ లైన్ మీద కూడా కామెంట్ రాయొచ్చు. అప్పుడు పేజీలో ఆ కామెంటూ, అసలు ఐటమ్ కామెంటూ కలిసి కనిపిస్తాయి. చూడ్డానికి ఒకే వ్యాసం, కానీ ఏ ముక్క ఏ మాడ్యూల్లో రాశారో దాని లింకులు ఆ మాడ్యూల్ స్కోప్‌లోనే తేలతాయి.

గోలో 1.19 నుంచి, అంటే 2022 నుంచి, బ్రాకెట్ లింకులు వచ్చాయి. అక్కడా వేరే ప్యాకేజీలోని పేరు కావాలంటే ఆ ఫైల్ ఆ ప్యాకేజీని ఇంపోర్ట్ చేసుకుని ఉండాలి, లేదా పూర్తి ఇంపోర్ట్ పాత్ రాయాలి.

అపోహ: వార్నింగ్ లేదంటే లింకులన్నీ బాగున్నట్టే.

రస్ట్‌డాక్ సంగతి పైన చెప్పాను. స్ఫింక్స్‌లో ఇది ఇంకా ఘోరం. పైథాన్ క్లాస్‌కి ఇచ్చిన రెఫరెన్స్ దొరక్కపోతే అది మామూలుగా నోరెత్తదు, పేరుని కోడ్ ఫాంట్‌లో చూపించి ఊరుకుంటుంది. నిట్‌పికీ మోడ్ ఆన్ చేస్తేనే చెబుతుంది. పాత ప్రాజెక్టులో మొదటిసారి ఆన్ చేసినప్పుడు వార్నింగులు వరదలా వస్తాయి, కంగారు పడకండి. అవన్నీ ఎప్పటినుంచో ఉన్నవే, మీకు ఇవాళ కనబడ్డాయి.

ఆ వరదలో సగానికి సగం ఒకే రకంగా ఉంటాయి. క్లాస్ నిజంగా ఉన్నది లోపలి మాడ్యూల్లో, లైబ్రరీ దాన్ని డాక్యుమెంట్ చేసింది పై ప్యాకేజీ పేరుతో. టైప్ యానోటేషన్ నుంచి ఆటోడాక్ (కోడ్ నుంచి డాక్స్ తీసే స్ఫింక్స్ ఎక్స్‌టెన్షన్) లోపలి పేరు తీస్తుంది, ఆ లైబ్రరీ ఇన్వెంటరీలో (అది డాక్యుమెంట్ చేసిన పేర్ల జాబితాలో) ఉండేది పై పేరు. రెండూ కలవవు. ఆ లైబ్రరీ ఇన్వెంటరీని ఇంటర్‌స్ఫింక్స్ (వేరే ప్రాజెక్టుల డాక్స్‌కి లింకులిచ్చే స్ఫింక్స్ ఎక్స్‌టెన్షన్) మాడ్యూల్‌తో కమాండ్ లైన్లో ప్రింట్ చేసి, ఏ పేరు ఉందో కళ్లతో చూడండి. ఊహించి రాసే పదిరకాల స్పెల్లింగుల కంటే అదే త్వరగా తేలుతుంది. లైబ్రరీ మీదే అయితే స్ఫింక్స్ 4.0 నుంచి కెనానికల్ అనే ఆప్షన్ ఉంది, లోపలి పేరు కూడా దానితో చెప్పొచ్చు.

అపోహ: క్లీన్ చేస్తే లింకులు వస్తాయి.

రస్ట్‌డాక్ నడిచిన ప్రతిసారీ మీ క్రేట్‌లోని పేర్లని మొదటి నుంచీ రిజాల్వ్ చేస్తుంది. ఇందులో కాష్ తప్పేమీ లేదు. కాష్ మాట నిజమయ్యేది ఇంటర్‌స్ఫింక్స్ దగ్గర: తెచ్చుకున్న ఇన్వెంటరీని అది మామూలుగా 5 రోజులు దాచుకుంటుంది. ఎదుటి ప్రాజెక్టు నిన్న కొత్త పేజీ పెట్టిందంటే మీకు దొరక్కపోవచ్చు. అప్పుడు కొట్టండి క్లీన్.

అపోహ: కార్గో టెస్ట్ పాసైంది కాబట్టి డాక్స్ ఓకే.

టెస్ట్ నడిపేది డాక్‌లోని కోడ్ ఉదాహరణల్ని. లింకుల జోలికి పోదు. బిల్డూ, చెక్కూ కూడా పోవు. కార్గో డాక్ నడిపితేనే తెలుస్తుంది. సీఐలో (పంపిన ప్రతి మార్పు మీదా ఆటోమేటిక్‌గా నడిచే చెక్కుల్లో) దాన్ని వేరే స్టెప్‌గా పెట్టి, వార్నింగుల్ని ఎర్రర్లుగా లెక్కించమని చెప్పండి.

అలా పెట్టాక ఇంకో సంగతి జరుగుతుంది. మొదటిసారి ప్యాచ్ పంపిన ఒకతను, సీఐ ఎర్రబడేసరికి ఏమీ అడగకుండా పుల్ రిక్వెస్టే మూసేసి వెళ్లిపోయాడు. పోయింది ఒక్క లింక్. ఈ వార్నింగ్ మీ కోడ్ గురించి కాదు, మీ ప్రోగ్రామ్‌లో ఒక్క బైట్ కూడా దీనివల్ల మారదు. లాగ్‌లో మొదటి వార్నింగ్ ఒక్కటి చదవండి, ఏ లైనో, చాలాసార్లు ఏం రాయాలో కూడా అందులోనే ఉంటుంది.

అపోహ: ఈ గొడవంతా ఎందుకు, హెచ్‌టీఎంఎల్ ఫైల్ పేరు చేత్తో రాసేస్తే పోలా?

2020 నవంబర్లో రస్ట్ 1.48 వచ్చేదాకా స్టేబుల్ రిలీజుల్లో వేరే దారి లేక అందరం అలాగే రాశాం. ఇప్పుడు అవసరం లేదు. ఐటమ్ రీ-ఎక్స్‌పోర్ట్ అయి ఇంకో పేజీలో కనిపిస్తే ఆ రిలేటివ్ అడ్రస్ తప్పుతుంది, రస్ట్‌డాక్ దాన్ని చెక్ చెయ్యదు.

మిగతావి గబగబా. ఒకే పేరుతో మాడ్యూలూ ఫంక్షనూ ఉంటే రెండిట్లో ఏదో చెప్పమని అడుగుతుంది. ఫంక్షన్ అయితే పేరు చివర ఖాళీ బ్రాకెట్లు, మాక్రో అయితే ఆశ్చర్యార్థకం, మాడ్యూల్ అయితే ముందు మాడ్@ పెట్టండి. పబ్లిక్ డాక్ నుంచి ప్రైవేట్ ఐటమ్‌కి లింక్ ఇస్తే వచ్చే వార్నింగ్ బగ్ కాదు, చదివేవాళ్లకి ఆ పేజీయే ఉండదు. మీ మెషీన్లో పడిన లింక్ డాక్స్.ఆర్ఎస్‌లో (పబ్లిష్ చేసిన క్రేట్ల డాక్స్ చూపించే సైట్‌లో) పడలేదంటే ముందు ఫీచర్లు (క్రేట్‌లో కావాలంటే ఆన్ చేసుకునే భాగాలు) చూడండి: మీరు అన్ని ఫీచర్లతో బిల్డ్ చేశారు, అది డిఫాల్ట్ ఫీచర్లతోనే చేస్తుంది. ఫీచర్ వెనక ఉన్న ఐటమ్ అక్కడ కంపైలే కాలేదు. క్రేట్ సెట్టింగుల ఫైల్ కార్గో.టోమల్‌లో డాక్స్.ఆర్ఎస్ మెటాడేటా కింద ఆల్-ఫీచర్స్ ట్రూ అని పెట్టి కొత్త వెర్షన్ పబ్లిష్ చేస్తే సరిపోతుంది. పాత వెర్షన్ పేజీలు మాత్రం అలాగే ఉంటాయి.