వెరిఫైడ్ పర్చేజ్ ముద్ర: రచయితల్లో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

పుస్తకం అమెజాన్‌లోకి ఎక్కిన వారానికి రచయితలకు ఒక బెంగ మొదలవుతుంది. రివ్యూలు వచ్చాయి గానీ కొన్నింటి దగ్గర "వెరిఫైడ్ పర్చేజ్" అని ఉంది, కొన్నింటి దగ్గర లేదు. లేనివాటిని తీసేస్తారా? చూసేవాళ్లు అవి దొంగ రివ్యూలనుకుంటారా? ఈ బెంగ తీర్చడానికి తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో కొన్ని అసలుకే ఎసరు పెడతాయి.

ముందు ముద్ర సంగతి చూద్దాం. అది వేయడానికి అమెజాన్ రెండే చూస్తుంది. రివ్యూ రాసిన అకౌంటు ఆ పుస్తకాన్ని అమెజాన్‌లోనే తీసుకుందా? తీసుకున్న ధర మామూలు కొనుగోలుదార్లకు కూడా దొరికే ధరేనా? రెండూ కుదిరితే ముద్ర పడుతుంది. అంటే అదొక రసీదు. కింది అపోహల్లో చాలావరకు ఈ రసీదును యోగ్యతాపత్రం అనుకోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ముద్ర ఉంటే పుస్తకం చదివి రాసినట్టు, లేకపోతే ఊరికే రాసినట్టు.

నిన్న ఆర్డర్ పెట్టిన మనిషి, పార్సిల్ విప్పకుండానే ఈ రోజు నాలుగు వాక్యాలు రాసినా ముద్ర పడుతుంది. విజయవాడ పుస్తక ప్రదర్శనలో కొని, రెండుసార్లు చదివి, పేజీ నంబర్లతో సహా రాసినవారికి పడదు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో కొన్నా, కాచిగూడ నవోదయలో కొన్నా, లైబ్రరీలో తెచ్చుకున్నా, రచయితకు వాట్సాప్‌లో అడ్రస్ పెట్టి పోస్టులో తెప్పించుకున్నా అంతే. తెలుగు పుస్తకాలకు ఈ దారులన్నీ ముఖ్యమైనవే. అందుకని తెలుగు పుస్తకం పేజీలో ముద్ర లేని రివ్యూలు ఎక్కువగా కనిపిస్తే కంగారు పడాల్సిన పని లేదు. మన పుస్తకాలు అమ్ముడయ్యే తీరే అక్కడ కనిపిస్తోంది. ముద్ర లేని రివ్యూకు విలువ తెచ్చేది అందులోని మాట. ఫలానా కథలో ఫలానా చోట ఏం నచ్చింది, ఎక్కడ సాగదీసినట్టుంది అని రాసిన పాఠకుణ్ణి చూసేవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

అపోహ: అమెజాన్‌లో కొనకపోతే రివ్యూ రాయనివ్వరు.

ఫ్లిప్‌కార్ట్ విషయంలో ఇది నిజం. అక్కడ కొననివాళ్లు రాయబోతే అనుమతి లేదని చెప్పేస్తుంది, కొన్నవాళ్ల పేరు దగ్గర "సర్టిఫైడ్ బయర్" అని వస్తుంది. అమెజాన్‌లో మాత్రం ఎక్కడ కొన్నా రాయవచ్చు. కాకపోతే రాసే అకౌంటుతో గడిచిన 12 నెలల్లో ఆ దేశపు అమెజాన్‌లో కొంత మొత్తం ఖర్చు పెట్టి ఉండాలి. అమెరికా సైటులో ఆ మొత్తం 50 డాలర్లు. ఆఫర్ల కింద తగ్గిన సొమ్ము ఇందులో లెక్కకు రాదు. ఏ దేశం సైటుకు ఆ దేశపు పరిమితి ఉంటుంది. కొత్తగా అకౌంటు తెరిచి నేరుగా రివ్యూ రాయబోయినవారికి "మీకు అర్హత లేదు" అని కనిపించేది ఇందుకే. పుస్తకానికీ ఆ సందేశానికీ సంబంధం ఉండదు.

2016లో అమెజాన్ ముద్ర లేని రివ్యూలకు వారానికి 5 అని హద్దు పెట్టింది. అప్పుడు కూడా పుస్తకాలను ఆ హద్దులోంచి మినహాయించింది. పుస్తకం ఎక్కడెక్కడినుంచో చేతికి వస్తుందన్న సంగతి పుస్తకాల దుకాణంగా మొదలైన ఆ సంస్థకు తెలుసు.

ఇక పాఠకులు పుస్తకాలకు రేటింగులు, రివ్యూలు ఇచ్చుకునే గుడ్‌రీడ్స్ సైటు. 2013 నుంచి అది అమెజాన్‌దే అయినా అక్కడ కొనుగోలు అడగరు, చూడరు. పుస్తకం విడుదల కాకముందే రేటింగులు వచ్చేస్తుంటాయి. అక్కడ రాసింది అమెజాన్ పేజీలోకి దానంతట అది రాదు. పాఠకులు విడిగా అతికించాల్సిందే.

అపోహ: అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎక్కడ రాసినా ఒకటే.

కాదు. కొనుగోలు రికార్డు ఏ దేశం సైటులో ఉందో ముద్ర ఆ సైటులోనే పడుతుంది. డాలస్‌లో ఉన్న పాఠకురాలు హైదరాబాద్‌లో ఉన్న అమ్మ చిరునామాకు భారత్ సైటులో ఆర్డర్ పెట్టి, రివ్యూ మాత్రం అలవాటుగా అమెరికా సైటులో రాస్తే ముద్ర రాదు. ఇటునుంచి అటు వెళ్లి రాయబోతే ఖర్చు పరిమితి కూడా అడ్డొస్తుంది. పుస్తకం పేజీలో ఒక దేశపు రివ్యూలు పైన, "ఇతర దేశాలనుంచి" అని మిగతావి కింద వస్తాయి కాబట్టి, మీ పాఠకులు ఎక్కువగా ఎక్కడ చూస్తారో అక్కడ రాసినవే ముందు కళ్లబడతాయి. విదేశీ పాఠకులకు లింకు పంపేటప్పుడు వాళ్లు కొన్న సైటు లింకే పంపండి. అంతకన్నా తేలికైన దారి, "మీ ఆర్డర్స్ లిస్టులోకి వెళ్లి, ఈ పుస్తకం దగ్గర ఉన్న రివ్యూ బటన్ నొక్కండి" అని చెప్పడం. ఆ దారిలో వెళ్తే సరైన సైటు, సరైన అకౌంటు, సరైన పుస్తకం రూపం మూడూ వాటంతటవే కుదురుతాయి.

అపోహ: ఉచితంగా కాపీ ఇస్తే ఆ రివ్యూ చెల్లదు.

దీని మీదే గందరగోళం ఎక్కువ. 2016 అక్టోబరులో అమెజాన్, సరుకు ఊరికే ఇచ్చి రివ్యూ రాయించుకునే పద్ధతిని ఎంచుకున్న సమీక్షకులకు తనే సరుకు పంపించే సొంత వైన్ పథకానికి తప్ప మిగతా అందరికీ నిషేధించింది. పుస్తకాలకు మాత్రం పాత సంప్రదాయాన్ని ఉండనిచ్చింది. రచయితలు, ప్రచురణకర్తలు ఉచితంగా గానీ తగ్గింపు ధరకు గానీ కాపీలు ఇవ్వవచ్చు. షరతులు రెండు: బదులుగా రివ్యూ రాయాల్సిందేనని అనకూడదు, ఏం రాయాలో ప్రభావితం చేయకూడదు. ఇలా వచ్చిన రివ్యూకు ముద్ర రాదు, కానీ రివ్యూ నిక్షేపంగా ఉంటుంది.

తేడా అంతా అడిగే మాటలో ఉంది. "రివ్యూ రాస్తానంటేనే పంపుతాను" అనడం తప్పు. "5 స్టార్లు ఇవ్వండి" తప్పు. "నచ్చితే అమెజాన్‌లో రాయండి, నచ్చకపోతే నాకు ఫోన్ చేసి చెప్పండి" అనేది మన వైపు మర్యాదగా వినిపించే మాట, కానీ అది కూడా తప్పే. మెచ్చుకోళ్లను మాత్రమే పేజీకి మళ్లించడం ప్రభావితం చేయడం కిందికే వస్తుంది. ఇలా రాయండి:

"పుస్తకం పంపుతున్నాను. చదివాక బాగున్నా బాగోకపోయినా మీకు అనిపించింది అమెజాన్‌లో రాస్తే సంతోషిస్తాను. రాయకపోయినా ఏమీ అనుకోను. రాస్తే మాత్రం కాపీ రచయిత పంపారని ఒక వాక్యం చేర్చండి."

ఆ చివరి వాక్యం చాలామంది వదిలేస్తారు. అది ఉంటే ముద్ర ఎందుకు లేదో చదివేవారికి తెలిసిపోతుంది, అనుమానానికి తావుండదు.

ధర విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. అందరికీ కనిపించేలా పుస్తకం ధర ₹250 నుంచి ₹99కి దించితే, ఆ ధరకు కొన్నవారికీ ముద్ర వస్తుంది. నలుగురికి మాత్రమే ప్రత్యేకంగా భారీ తగ్గింపు ఏర్పాటు చేస్తే అది అందరికీ దొరికే ధర కాదు కాబట్టి ముద్ర రాకపోవచ్చు.

అపోహ: వాళ్లనే కొనమని, డబ్బు మనం తిరిగి పంపేస్తే ముద్రా వస్తుంది, ఎవరికీ తెలియదు.

ఈ సలహా ఇచ్చేవాళ్లకు దూరంగా ఉండండి. "ముందు మీరు కొనండి, రివ్యూ స్క్రీన్‌షాట్ పెట్టగానే ఫోన్‌పే చేస్తాను" అంటే అది డబ్బిచ్చి రివ్యూ రాయించుకోవడమే, పుస్తకం ధర ఎంతన్నది ముఖ్యం కాదు. పుస్తకం కాపీ తప్ప ఇంకేది ఇచ్చినా రివ్యూ చెల్లదని, తొలగిస్తామని కిండిల్ ప్రచురణ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. గిఫ్ట్ కార్డు పేరు ఎత్తి మరీ చెప్పారు. రివ్యూకు బదులు రివ్యూ మార్చుకునే ఒప్పందాలకూ చోటు లేదు.

తెలియదనుకోవడం కూడా పొరపాటే. 2004లో కెనడా సైటులో ఒక సాంకేతిక లోపం వల్ల మారుపేర్లతో రాసినవారి అసలు పేర్లు బయటపడ్డాయి. తమ పుస్తకాలను తామే పొగుడుకున్న రచయితలు అప్పుడు దొరికిపోయారు. 2015 అక్టోబరులో, డబ్బుకు రివ్యూలు రాసే 1,114 మంది మీద అమెజాన్ కోర్టుకు వెళ్లింది. వాళ్లలో కొందరు తీసుకున్నది 5 డాలర్లే. అమెరికాలో 2024 అక్టోబరు 21 నుంచి దొంగ రివ్యూల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లో ఉంది. అప్పటికి జరిమానా ఒక్కో ఉల్లంఘనకు 51,744 డాలర్ల దాకా. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ తెచ్చిన ఐఎస్ 19000:2022 ప్రమాణం 2022 నవంబరు 25 నుంచి అమల్లోకి వచ్చింది. రివ్యూ రాసేవారిని ఈమెయిల్, ఫోన్, ఎస్సెమ్మెస్ వంటి పద్ధతుల్లో ధ్రువీకరించాలని అది చెబుతుంది. పాటించడం స్వచ్ఛందం.

అపోహ: ఇంట్లోవాళ్లు సొంత డబ్బుతో కొన్నారు, కాబట్టి రాయవచ్చు.

ముద్ర పడొచ్చు, రివ్యూ మాత్రం నిబంధనకు విరుద్ధమే. రచయితతో ఒకే ఇంట్లో ఉండేవారు, దగ్గరి స్నేహితులు రాయకూడదు. తెలుగు సాహిత్యంలో ఒకరికొకరు తెలియనివారు తక్కువ కాబట్టి ఇక్కడ గీత ఎక్కడ గీయాలన్నది అందరికీ ఎదురయ్యే ప్రశ్న. సభల్లో ఎదురుపడి నమస్కారం పెట్టుకునే పరిచయం వేరు, రాకపోకలున్న స్నేహం వేరు. రచయితలు తోటి రచయితల పుస్తకాల మీద రాయవచ్చు, అమెజాన్ దాన్ని ఆహ్వానిస్తుంది కూడా. అయితే ఆ పుస్తకం తయారీలో చెయ్యి వేసి ఉండకూడదు. సహరచయిత, సంపాదకుడు, బొమ్మలు వేసినవారు పాఠకుల జాబితాలో చేరరు. ముందుమాట రాసినవారిని కూడా వీరితోపాటే లెక్కవేసుకోవడం క్షేమం.

మరి ముందుమాటలో పెద్దలు అన్న నాలుగు మంచి మాటలు ఎక్కడ పెట్టాలి? రచయితల కోసం అమెజాన్ పెట్టిన ఆథర్ సెంట్రల్‌లో మీ పుస్తకం ఎంచుకుంటే "ఎడిటోరియల్ రివ్యూస్" అనే విభాగం ఉంటుంది. అనుమతి తీసుకుని, పేరుతో సహా ఒకటి రెండు వాక్యాలు అక్కడ చేర్చండి. పత్రికలో వచ్చిన సమీక్షలోని వాక్యానికీ అదే చోటు. దానికి ముద్ర, స్టార్లు ఏవీ అక్కర్లేదు. ఈ వసతిని ఖాళీగా వదిలేసి, అదే మాటల్ని దొడ్డిదారిన పాఠకుల రివ్యూల్లో పెట్టించబోయి చిక్కుల్లో పడేవాళ్లున్నారు.

అపోహ: కిండిల్‌లో చదివితే ముద్ర ఖాయం.

కొంటే వస్తుంది. కిండిల్ అన్‌లిమిటెడ్ చందాతో చదివినది కొనుగోలు కాదు కాబట్టి సాధారణంగా రాదు. ఈబుక్‌ను అమెజాన్‌కు మాత్రమే ఇచ్చే కేడీపీ సెలెక్ట్ పథకంలో ప్రతి 90 రోజులకు దొరికే 5 ఉచిత రోజుల్లో దించుకున్నవారికి మామూలుగా వస్తుంది, ఎందుకంటే ఆ రోజు సున్నా రూపాయలే అందరి ధర. 2016 డిసెంబరులో కిండిల్‌లోకి అయిదు భారతీయ భాషలు తెచ్చినప్పుడు వాటిలో తెలుగు లేదు. అందుకే ఈ లెక్క మనలో ఇంగ్లీషులో రాసేవారికే ఎక్కువగా అక్కరకొస్తుంది.

అపోహ: స్టార్లన్నీ కూడి భాగిస్తే పేజీ మీది అంకె వస్తుంది.

పది రేటింగుల్లో ఎనిమిది 5లు, రెండు 1లు ఉంటే సగటు 4.2. పేజీ మీద అదే ఉండాలని లేదు. రేటింగు ఎంత పాతది, కొన్నవారు ఇచ్చిందా, ఇచ్చిన అకౌంటు నమ్మదగినదా అన్నవి కలిపి కంప్యూటర్ నమూనా లెక్కవేస్తుంది. ముద్ర నిజంగా బరువు తెచ్చేది ఇక్కడే. కొననివారు మాటల్లేకుండా స్టార్లు మాత్రం నొక్కితే ఆ రేటింగు లెక్కలోకే రాదు. మాటలో, ఫొటోనో, వీడియోనో జోడించాలి. అందుకే పుస్తకం బయట కొన్న పాఠకులకు "స్టార్లు ఇచ్చి వదిలేయకండి, రెండు వాక్యాలైనా రాయండి" అని తప్పక చెప్పండి.

అపోహ: 50 రివ్యూలు దాటితే అమెజాన్ తనే ప్రచారం చేస్తుంది.

అలాంటి అంకెను అమెజాన్ ఎక్కడా ప్రకటించలేదు. బెస్ట్‌సెల్లర్ ర్యాంకు అమ్మకాల లెక్క, రివ్యూల లెక్క కాదు.

అపోహ: ముద్ర లేని చెడ్డ రివ్యూను తీయించవచ్చు.

ముద్ర లేకపోవడం తొలగింపుకు కారణం కాదు, నచ్చకపోవడం అసలే కాదు. బూతులు, వ్యక్తిగత దూషణ, పుస్తకంతో సంబంధం లేని సంగతి ఉంటే "రిపోర్ట్" నొక్కండి. "అట్ట చిరిగి వచ్చింది, డెలివరీ ఆలస్యం" అని 1 స్టార్ వేసినవి కూడా రిపోర్ట్ చేయదగినవే, అవి అమ్మినవారికి ఇచ్చే ఫీడ్‌బ్యాక్‌లో ఉండాల్సినవి. మూకుమ్మడి దాడి జరిగితే అమెజాన్ కొన్నవారికి మాత్రమే అవకాశమిచ్చి తలుపు మూయగలదు. 2017 సెప్టెంబరులో ఒక అమెరికన్ రాజకీయ నాయకురాలి పుస్తకానికి తొలిరోజే 1,500 పైగా రివ్యూలు వచ్చిపడితే, వాటిలో ముద్ర ఉన్నవి 338. వందలకొద్దీ తొలగించారు. ఇక రివ్యూ కింద జవాబు రాసే వసతిని 2020 డిసెంబరులోనే ఎత్తేశారు, కాబట్టి అక్కడ వాదించే దారి లేదు.

పాఠకులు "రాశాను, కనిపించడం లేదు" అంటే ముందు 72 గంటలు ఆగమనండి, పరిశీలనకు ఆ మాత్రం పట్టవచ్చు. తర్వాత ఏ దేశం సైటులో రాశారో అడగండి. ఆపైన అకౌంటు ఖర్చు పరిమితి చూసుకోమనండి. ఈబుక్ కొని పేపర్‌బ్యాక్ పేజీలో రాశారేమో కనుక్కోండి. విడుదల తేదీకి ముందే రాయబోయారేమో కూడా చూడండి, ఆ రోజు వచ్చేదాకా పాఠకుల రివ్యూలు తీసుకోరు. అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే, రాసిన మాటల్లో ఫోన్ నంబరో, బయటి లింకో ఉందేమో చూసి, తీసేసి మళ్లీ పంపమనండి. అందుకు రాసిన మాటలు ముందే ఫోన్‌లో నోట్‌గా దాచుకుని ఉండాలి.