దారం తెగలేదు

చిరంజీవులు బుజ్జిగాడికి, చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ నాయనమ్మా కులాసా. ఎండలు మాత్రం మాడ్చేస్తున్నాయి.

ఒరే బుజ్జీ, నువ్వు స్కూల్లో రాసిన ‘మా తాతయ్య చేప’ వ్యాసం మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. నాయనమ్మకు పైకి చదివి వినిపించాను. బాగా రాశావు, అక్షర దోషాలు మూడే. కానీ రెండో పేరా తప్పు. ‘నాసిరకం దారం పుటుక్కున తెగిపోవడంతో 80 కిలోల చేప తప్పించుకుంది’ అన్నావు. తప్పు నీది కాదు, నేను చెప్పిందే రాశావు. దారం తెగలేదురా. ఫోన్‌లో చెబితే మళ్లీ ఎక్కడో మాట మార్చేస్తానని భయమేసి ఉత్తరం రాస్తున్నాను. చెల్లెలికి కూడా చదివి వినిపించు. నా కుడి అరచేతిలో ఆ తెల్లటి గీత ఏంటని అది చాలాసార్లు అడిగింది.

మీరు బ్యాంకు తాత అనే మా వాడు నాకు 1970 నుంచి తెలుసు. నెల్లూరు వి.ఆర్. కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. వాళ్లది మైపాడు పక్కన పట్టపుపాలెం. ఇంట్లో మగవాళ్లందరూ సముద్రం మీద వేటకు పోయేవాళ్లే. వీణ్ణి మాత్రం వాళ్ల నాయన ఒక్కసారి కూడా పడవ ఎక్కనివ్వలేదు. “ఎక్కితే మళ్లీ దిగవు” అని నెల్లూరు తెచ్చి హాస్టల్లో వేశాడు. వాడు చదివాడు, బ్యాంకులో చేరాడు, ఊరూరూ తిరిగాడు. 2012 జనవరిలో రిటైరయ్యాక ఓ సాయంత్రం మన వరండాలో కూర్చుని, “లోతుకు పోవాలిరా. నువ్వూ రావాల” అన్నాడు. ఏదో వడ్డీ లెక్క చెప్పినట్టు చెప్పాడు, అంతే.

అండమాన్‌లో, మాల్దీవుల్లో నడిసముద్రంలో సరదాగా చేపలు పట్టడానికి బోటు బాడుగకిచ్చే వ్యాపారమే ఉంది. రాడ్డు, రీలు, నడుముకు బెల్టు, చేతులకు గ్లవుజులు, కూర్చోడానికి కుర్చీ, అన్నీ వాళ్లే ఇస్తారు. మాకు దొరికింది వాడి అన్న కొడుకు ఫైబర్ బోటు. సుమారు ముప్పై అడుగులు ఉంటుంది. పైన నీడ లేదు, కూర్చోడానికి చుట్టిన వలల కుప్పే గతి. సొంత చిన్నాయన దగ్గర డబ్బులేంటని ఆ అబ్బాయి ఎంత మొత్తుకున్నా మా వాడు వినలేదు. డీజిలు, ఐసు, బోటు పనికొచ్చే ఇద్దరు కళాసీల కూలి, దానిపైన బాడుగ, అంతా లెక్కగట్టి ముందే చేతిలో పెట్టాడు. బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది. రాత్రి మూడున్నరకి బోటు నీళ్లలోకి తోశాం. అంత రాత్రప్పుడు ఎందుకంటే, రాత్రిపూట నేల తొందరగా చల్లబడుతుంది, నీళ్లు అంత తొందరగా చల్లబడవు. అందుకని తెల్లవారేదాకా గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. పగలు ఎండకు నేల కాగిపోతే గాలి తిరగబడుతుంది. ఇంజన్లు లేని రోజుల్లో తెరచాప ఎత్తి ఒక గాలితో పోయి ఇంకో గాలితో ఇంటికొచ్చేవాళ్లు. ఇంజన్లు వచ్చినా ఆ వేళలు పెద్దగా మారలేదు.

అసలు కష్టం ఒడ్డు దాటడమే. అల విరిగే చోట బోటు అడ్డం తిరిగిందంటే బోల్తానే. సరంగు, అంటే ఆ అన్న కొడుకే, బోటు పట్టుకుని నడుములోతు నీళ్లలో అట్లాగే నిలబడ్డాడు. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, ఆ గుంపు పోయాక కాస్త తెరిపి ఉంటుంది. ఆ తెరిపి కోసం చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో తెలియదు కానీ నా పళ్లు టకటకలాడుతున్నాయి. ఉన్నట్టుండి “తొయ్!” అన్నాడు. తోశాం. ముక్కు పైకి లేచింది, దబ్బున పడింది, నెత్తి మీంచి నీళ్లు. అంతే, అవతలున్నాం.

అర్ధగంటలో బ్యాంకు తాత వాంతులు మొదలుపెట్టాడు. ఏడు తరాలు సముద్రం మీద బతికిన ఇంటి బిడ్డ! పొలం గట్టున పెరిగిన నాకు ఏమీ కాలేదు. “ఇంటి పేరు నిలబెట్టావు చిన్నాయనా” అని కళాసీలు వింటుండగానే అన్నాడు సరంగు. దీనికి వంశంతో పని లేదు. చెవి లోపల ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది, అది ‘ఊగుతున్నావు’ అని మెదడుకు చెబుతుంది. కళ్లేమో బోటు అడుగును చూస్తూ ‘ఏం లేదు, కదలకుండా కూర్చున్నావు’ అంటాయి. ఇద్దరు సాక్షులూ చెరో మాట చెబితే జడ్జిగారికి తల తిరగదూ? అందుకే దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూడమంటారు. మా వాడు చూడలేదు. వలల మీద ముడుచుకుని పడుకున్నాడు.

తెల్లారాక వెనక్కి తిరిగి చూస్తే నాకో వింత కనిపించింది. ఊరు మొత్తం ఒక్కసారిగా మాయం కాలేదు, కింది నుంచి మునుగుతూ వచ్చింది. ముందు ఇసుక పోయింది, తర్వాత ఇళ్లు, తర్వాత సరుగుడు తోపు. తాటిచెట్ల తలలు మాత్రం మిగిలాయి, మొదళ్లు లేకుండా నీళ్ల మీద మొలిచినట్టు. చివరిదాకా కనిపించింది దక్షిణాన కృష్ణపట్నం పోర్టు క్రేన్లే. భూమి గుండ్రంగా ఉందని నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. కళ్లతో చూడటం అదే మొదలు. బోటులో నిలబడ్డ మనిషికి నీళ్లూ ఆకాశం కలిసే ఆ గీత 5 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. 20 మీటర్ల తాటిచెట్టు తల సుమారు 20 కిలోమీటర్ల దాకా అగుపిస్తుంది. సరంగు దగ్గర జీపీఎస్ ఉంది, అయినా వాళ్ల తాత నేర్పిన గురుతులు వదల్లేదు. ఫలానా తాటిచెట్టు ఫలానా గుడి వెనక్కి వచ్చిందంటే మనం ఒక గీత మీద ఉన్నట్టు. అలాంటి గీతలు రెండు కలిసిన చోటే మన చోటు. బుజ్జీ, నీ లెక్కల పుస్తకంలో ఉన్నది ఇదే.

చెట్లు కూడా కనిపించకుండా పోయాక సీసం గుండు కట్టిన తాడు వదిలాడు. చేతులు బారచాపి కొలుచుకుంటూ 24 బారలు లెక్కపెట్టాడు. బార అంటే ఆరడుగులు, మీటర్లలోకి నువ్వే మార్చుకో. పైకి లాగాక గుండుకు అంటిన బురదను వేళ్ల మధ్య నలిపి చూశాడు. నాయనమ్మ దోసెపిండి పులిసిందో లేదో చూసేటప్పుడు పెట్టే మొహమే పెట్టాడు.

కాసేపటికి ఒకచోట పక్షులు మూగి కనిపించాయి. కింద సూర చేపలు, అంటే ట్యూనాలు, తరుముతుంటే చిన్నచేపలు పైకొస్తాయి, వాటి కోసం పక్షులు. అక్కడ నాలుగు సూరలు పడ్డాయి. పడ్డవి పడ్డట్టే ఐసులో కప్పేశారు. చాలా చేపల ఒళ్లు నీళ్లంత చల్లగా ఉంటుంది కానీ సూర ఒళ్లు కాస్త వెచ్చన. ఎండలో వదిలేస్తే తొందరగా చెడుతుంది. చెడిన సూర తింటే ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి. వండినా ఆ విషం పోదు.

తర్వాత వంజరం కోసం గాలాలు వెనక వదిలి బోటు మెల్లగా పోనిచ్చారు. వంజరం పళ్లు కత్తెరలాంటివి, నైలాన్ దారాన్ని కొరికేస్తుంది. అందుకే గాలం దగ్గర జానెడు స్టీలు తీగ కడతారు. ఒక దారం నా చేతికిచ్చి సరంగు ఒకే మాట చెప్పాడు. “వేళ్ల మీదుంచుకో సార్. చేతికి చుట్టబాక.”

నేను చుట్టుకున్నాను. రెండు చుట్లు. తడి దారం జారుతోందని, గట్టిగా ఉంటుందని. ముప్పై ఏళ్లు పిల్లలకు ‘చెప్పిన మాట వినండి’ అని బెత్తం ఆడించినవాణ్ణి!

పదకొండు గంటలప్పుడు అది లాగింది. వంజరమో, సొరచేపో, ఏమిటో. నేను లేవలేదు, నన్నే లేపింది. మోకాళ్లు బోటు అంచుకు కొట్టుకున్నాయి, మోచేయి దాకా నీళ్లలోకి పోయింది. నొప్పి తెలియలేదు. అరచేతిలో దారం కనిపించకుండా పోవడం మాత్రం చూశాను, వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. బలం అంతే ఉన్నా ఎంత సన్నని చోట పడితే అంత కోత. చీపురుపుల్లంత లావైనా లేని దారం మీద అంత పెద్ద జీవి బలమంతా పడితే ఏమవుతుందో ఆలోచించు. సరంగు వెనక ఇంజను దగ్గరున్నాడు. కళాసీలు ఐసు పెట్టె దగ్గరున్నారు.

అప్పటిదాకా వలల మీద శవంలా పడి ఉన్న మా వాడు ఎప్పుడు లేచాడో, ఎర కోసే కత్తి ఎప్పుడు తీశాడో నేను చూడలేదు. నా చేతి పక్కనే టక్‌మని కోసేశాడు. నీళ్లలోకి సాగిన దారం ఒక్క క్షణంలో మాయమైంది. ఇంజను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. వాడు తన తువ్వాలు సముద్రంలో ముంచి నా చేతికి కట్టి, మళ్లీ అంచు మీదికి వంగి వాంతి చేసుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ కావాలనుకున్నది అదొక్కటి. దాన్ని కొయ్యడానికి వాడికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఒడ్డుకొచ్చేసరికి నాయనమ్మ ఎదురుగా నిలబడి ఉంది. కట్టు చూసి ఏమైందని అడిగింది. “దారం తెగింది, నాసిరకం” అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోటికి అదే వచ్చింది. మా వాడు నా మొహం చూశాడు. చూసి, “అవునమ్మా, దారం మంచిది కాదు” అన్నాడు. అయిపోయింది, అదే కథ ఖాయం. తర్వాత పెళ్లిళ్లలో, పండగల్లో చేప ఇరవై కిలోల నుంచి ఎనభైకి పెరిగింది. అసలు దాన్ని ఎవరూ చూడనేలేదు! నా పక్కన కూర్చుని వాడు ఒక్కసారి కూడా ఖండించలేదు. ఆ దారం కట్టిన సరంగు మాత్రం ఒక పెళ్లిలో ఈ కథ విని తలొంచుకుని భోజనం ముగించాడు. వేటకు పోయేవాడి దారం నాసిరకమంటే మాటలా? ఆ రోజే చెప్పాల్సింది.

నీ వ్యాసం చదివాక నిన్న అతనికి ఫోన్ చేశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు కదా, ఇంటిదగ్గరే వలలు బాగుచేసుకుంటున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, దారం మంచిదేనని ఒప్పుకున్నాను. వలల్లోంచి దబ్బనం లాగుతున్న చప్పుడు వినపడుతోంది.

“తెలుసులే సార్” అన్నాడు. “మిగిలిన ముక్కతో ఆ ఏడాదే మూడు వంజరాలు పట్టాను.”

మీ
తాతయ్య