బ్రౌన్ గుడ్డు తిన్నంత మాత్రాన కోడి బయట తిరిగినట్టు కాదు: అపోహలు, వాస్తవాలు

నేను పౌల్ట్రీ డాక్టర్ని. పెళ్లికి వెళ్లినా, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కనబడినా ఎవరో ఒకరు ఆపి ఇదే మాట చెబుతారు: "డాక్టరు గారూ, మేం తెల్లగుడ్లు మానేసి బ్రౌన్ గుడ్లే కొంటున్నామండీ. పాపం, కోళ్లని బోనుల్లో పెట్టి హింసిస్తారట కదా!" వాళ్ల మంచి మనసుకి దండం పెట్టాలి. కాకపోతే రెట్టింపు డబ్బు పోసి కొన్న ఆ గుడ్డు కూడా చాలాసార్లు బోనులోంచే వస్తుంది.

అపోహ: గోధుమరంగు గుడ్డు అంటే బయట తిరిగే కోడి పెట్టిందే

పెంకు రంగును బట్టి కోడి జాతి తెలుస్తుంది, అంతే. లెగ్‌హార్న్ రక్తం ఉన్న కోళ్లు తెల్లగుడ్లు పెడతాయి. రోడ్ ఐలాండ్ రెడ్ రక్తం ఉన్నవి గోధుమరంగువి పెడతాయి. మన లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారాల్లో కనిపించే బీవీ-300 తెల్లగుడ్డు కోడి, బీవీ-380 బ్రౌన్ గుడ్డు కోడి. రెండూ మామూలుగా కేజ్‌లో, అంటే బోనులో పెంచే రకాలే, రెండూ ఏడాదికి 300 పైచిలుకు గుడ్లు పెట్టేవే.

గోదావరి జిల్లాల్లో ఏదైనా బ్రౌన్ లేయర్ షెడ్డులోకి వెళ్లి చూడండి. వరసకి వరస తీగ బోనులు, ఒక్కో దాంట్లో మూడో నాలుగో ఎర్రకోళ్లు. ఒక్కో కోడికి ఏ4 కాగితమంత జాగా కూడా రాదు. మేత తొట్టిలోకి తల పెట్టీ పెట్టీ మెడ మీద ఈకలు రాలిపోయి చర్మం కనబడుతుంటుంది. అడుగు తీగ ముందుకి వాలుగా ఉంటుంది కాబట్టి పెట్టిన గుడ్డు దొర్లుకుంటూ బయటి తొట్టిలోకి వచ్చేస్తుంది. నన్ను బాగా ఇబ్బంది పెట్టేది పొద్దున పూట, గుడ్డు పెట్టే ముందు. ఏ పెట్టయినా ఆ గంటలో మరుగైన చోటు వెతుక్కుంటుంది, గూడు చేసుకోవాలని చూస్తుంది. బోనులో ఎక్కడ వెతుక్కుంటుంది? పక్కదాని కాళ్ల కిందకి దూరాలని చూస్తుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. తెల్లకోడికైనా ఎర్రకోడికైనా అదే అవస్థ.

ఇక షాపులో అమ్మే "నాటు" గుడ్ల సంగతి. అసలైన నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంటుంది. ఏడాదంతా కలిపినా 60, 70 దాటడం కష్టం. మీ వీధి షాపువాడు రోజూ పది ట్రేలు, అంటే 300 నాటుగుడ్లు అమ్ముతున్నాడనుకోండి. వాటికి సుమారు 1,800 పెట్టలు కావాలి. అన్ని నాటుకోళ్లు ఏ పెరట్లో తిరుగుతున్నాయో ఒక్కసారి అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్నకే చాలామంది "మాకు లైన్ వ్యాన్ వాడు వేస్తాడండీ" అనేస్తారు.

టీ డికాక్షన్‌లో ముంచి రంగు వేసే మోసం కూడా ఉంది. దాన్ని పట్టుకోవడానికి నిమ్మకాయ రుద్దమని వీడియోలు తిరుగుతున్నాయి. నిజమైన బ్రౌన్ గుడ్డుకి కూడా రంగు ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది, పులుపు తగిలితే అదీ వదులుతుంది. ఆ వీడియో నమ్మి మా వదిన ఒకసారి పాపం ఒక పల్లెటూరి ముసలావిడతో గొడవ పెట్టుకొచ్చింది. ఆవిడ అమ్మినవి నిఖార్సయిన గ్రామప్రియ గుడ్లు, మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన కేంద్రం పెరటి పెంపకానికి ఇచ్చిన రకం. ఆ నెలంతా ఆవిడ మా వీధికి రాలేదు.

పచ్చసొన ముదురు రంగులో ఉంటే మంచి గుడ్డు అన్నదీ అంతే. మొక్కజొన్న ఎక్కువ వేసినా, మేతలో బంతిపూల సారం కలిపినా ఏ బోను కోడైనా ముదురు రంగు సొన ఇస్తుంది.

అపోహ: డబ్బా మీద మంచి మాటలుంటే చాలు

"ఫార్మ్ ఫ్రెష్" అంటే ఏమీ కాదు. "ఒమేగా-3" అంటే మేతలో అవిసెగింజల్లాంటివి వేశారని. "వెజిటేరియన్ ఫీడ్" అంటే సోయా, మొక్కజొన్న. నేల మీద వదిలితే కోడి పురుగులే ఏరుకు తింటుంది, అది వేరే సంగతి. వీటిలో ఏదీ కోడి ఎక్కడుందో చెప్పదు. "కేజ్ ఫ్రీ", "ఫ్రీ రేంజ్" అన్న రెండు మాటలే పెంపకం గురించి చెప్పేవి. కేజ్ ఫ్రీ అంటే బోను లేదని, అంతేగాని బయటికి వదులుతారని కాదు. బయటికి వదిలేది ఫ్రీ రేంజ్. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ముక్కు కొన కోయడం కేజ్ ఫ్రీ షెడ్లలో కూడా ఉంటుంది.

యూరప్‌లో ఉన్న మనవాళ్లకి ఈ తలనొప్పి లేదు. గుడ్డు మీదే ముద్ర ఉంటుంది: మొదటి అంకె 0 అయితే ఆర్గానిక్, 1 ఫ్రీ రేంజ్, 2 షెడ్డు నేల మీద, 3 కేజ్. అక్కడ 2012 నుంచి పాతరకం ఇరుకు బోనులే నిషిద్ధం. మనకి ఆ ముద్ర లేదు కాబట్టి నోరు తెరిచి అడగాల్సిందే.

అపోహ: బాయిలర్ కోడికి హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారు, ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి అవుతారు

వేయరు. వేల కోళ్ల షెడ్డులో ఒక్కోదాన్ని పట్టుకుని సూది పొడిచే మనుషులూ లేరు, అంత డబ్బూ లేదు. 40 రోజుల్లో రెండు కిలోలు దాటడం తరాలుగా చేసిన జాతి ఎంపిక, మేత వల్ల వచ్చింది. ఈ భయంతో పిల్లకి గుడ్డు కూడా పెట్టడం మానేసిన తల్లులు నా దగ్గరికి వస్తుంటారు. అమ్మా, టెన్షన్ పడకండి, పెట్టండి.

యాంటీబయాటిక్స్ సమస్య మాత్రం నిజం. మనుషులకి చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని 2019లో కేంద్రం కోళ్ల మేతలో నిషేధించింది ఊరికే కాదు.

అపోహ: "కేజ్ ఫ్రీ చికెన్" కొంటే మేలు

మన దగ్గర బాయిలర్లని మామూలుగా నేల మీద ఊక పరిచే పెంచుతారు. ఆ లేబుల్‌కి అదనంగా ఇవ్వాల్సిన పని లేదు. బాయిలర్ కష్టం కాళ్లలో ఉంటుంది. ఒళ్లు అంత వేగంగా బరువెక్కితే కాళ్లు ఆగవు, ఎక్కువసేపు కూర్చునే ఉంటుంది. కింద ఊక తడిసి అమ్మోనియా పుడితే మోకీలు దగ్గర, అరికాళ్లలో నల్లగా కాలినట్టు మచ్చలు పడతాయి. షాపులో కోడిని తూకం వేసేముందు కాళ్లు చూడండి. మచ్చలు లేని, పొడిగా ఉన్న కాళ్లంటే షెడ్డు బాగున్నట్టు. బండికి తలకిందులుగా వేలాడదీసి తెచ్చే షాపు, ఎండలో నీళ్లు పెట్టని షాపు అయితే వేరేచోటికి వెళ్లండి.

అపోహ: నాటుకోడి అంటే సుఖంగా బతికిందే

కొక్కెర తెగులు టీకా వేయని ఊళ్లో ఆ తెగులు వచ్చిందంటే పెరటికోళ్లు చాలావరకు కొద్దిరోజుల్లోనే పోతాయి. నాటుకోడి పేరుతో అమ్మే వాటిలో చాలా భాగం షెడ్లలో పెరిగిన సోనాలి లాంటి క్రాస్ రకాలే.

గుడ్ల దగ్గర ఏం అడగాలంటే: కేజా, నేలా? గుడ్లు పెట్టడానికి గూళ్లు ఉన్నాయా? ఎక్కి కూర్చోవడానికి కర్రలు? మట్టిలో పొర్లే చోటు? ఫారం ఏ ఊళ్లో? జవాబు చెప్పగలిగినవాడి దగ్గర తీసుకోండి. ఖరీదు ఎక్కువనిపిస్తే వారానికి నాలుగు గుడ్లు తగ్గించుకుని అవే కొనండి, లేదా మామూలు తెల్లగుడ్లే కొనుక్కోండి. బ్రౌన్ రంగుకి మాత్రం డబ్బు కట్టకండి. షెడ్డులోకి రానివ్వలేదని ఫారంవాళ్లని అనుమానించకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్ ఫ్లూ వచ్చాక, రోగం మోసుకొస్తాయని బయటి చెప్పులంటేనే అందరికీ భయం. వీడియో కాల్ చేసి షెడ్డు చూపించమనండి, అది చూపించడానికి మంచి రైతు ఎవరూ వెనకాడరు.