ఉద్దానం: క్రియాటినిన్ అయిదు దాటేదాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య కిడ్నీ చావుల కథ అందరికీ తెలిసిందే, దాటేద్దాం. కారణం నీళ్లా, పురుగుమందులా, ఎండలో చాకిరీయా అన్నది ఇంకా తేలలేదు. ఆ గొడవే మళ్లీ రేగింది. ఈ సందట్లో ఒక ప్రశ్న పక్కకు పోతోంది: ఇన్నాళ్లూ జబ్బును దేంతో కొలిచాం?

మలుపు 2017లో ఉంది. జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వెళ్లడంతో విషయం రాష్ట్రమంతా పాకింది. జులైలో హార్వర్డ్ నుంచి కిడ్నీ నిపుణుడు డాక్టర్ జోసెఫ్ బోన్‌వెంట్రే విశాఖ వచ్చారు. ఫొటోలు బాగానే పడ్డాయి. ఆయన ల్యాబ్ 1998లో కిమ్-1 అనే ప్రోటీన్‌ను బయటపెట్టిందన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. కిడ్నీలోని సన్నటి గొట్టాలు దెబ్బతింటే అది మూత్రంలో కనబడుతుంది. మామూలుగా రక్తంలో కొలిచే వ్యర్థపదార్థం క్రియాటినిన్ అలా కాదు. కిడ్నీ పని దాదాపు సగం పోయేదాకా నార్మల్‌గానే ఉండొచ్చు. పైగా అది కండ నుంచి వచ్చేది కాబట్టి, బక్కపలచటి కూలీకి రిపోర్టు ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. మూత్రంలో పట్టీ ముంచి చూసినా లాభం తక్కువే, ఈ జబ్బులో ప్రోటీన్ పెద్దగా పోదు. ఒళ్లు వాయదు, నొప్పీ ఉండదు.

డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో అచ్చేసిన సర్వేలో 1,184 మందిని పరీక్షిస్తే 18.23 శాతం మందికి కిడ్నీ జబ్బు తేలింది. ఎక్కువమందిలో షుగరు, బీపీ లాంటి తెలిసిన కారణమే లేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీళ్లు, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను వచ్చాయి. డయాలసిస్‌కు వెళ్లనివాళ్లకూ పింఛను ఉంది. కాకపోతే క్రియాటినిన్ 5 దాటాలి, లేదా ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని వడగట్టే వేగం అంచనా) 15 లోపు పడాలి, లేదా కిడ్నీ కుంచించుకుపోవాలి. అంటే డయాలసిస్ గుమ్మం దాకా వచ్చాకే. క్రియాటినిన్ 2 ఉన్న మనిషి డాక్టరుకు రోగి, పింఛను జాబితాకు కాదు.

కిమ్-1 ఊరి ల్యాబులో చేసే పరీక్ష కాదు, సరే. ఉన్నవాటితోనే, అంటే ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తోనే చూసినా, మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేస్తేగానీ జబ్బు ఖాయం చేయరు. మొదటి శాంపిల్ ఇచ్చిన మగవాళ్లలో కొందరు అప్పటికి వలస రైలెక్కేసి ఉంటారు.