ఆవకాయ సీసా వెనకవైపు

బెంగళూరు మారతహళ్ళిలో మనవాళ్ల కిరాణా కొట్లో ఆవకాయ కొనేవాళ్లని గమనించండి. ముందు నూనె పైకి తేలిందా అని చూస్తారు, ఆ తర్వాత ధర. సీసా తిప్పి వెనకవైపు చదివేవాళ్లు అరుదు. చీమ తలకాయంత అక్షరాలాయె! కానీ ఆ కాగితం ముక్క ఒక్కరోజులో రాసింది కాదు. డెబ్బై ఏళ్లలో ఒక్కో గొడవకి ఒక్కో వరస వచ్చి చేరింది.

మొదట వచ్చింది 1954 నాటి కల్తీ నిరోధక చట్టం. సరుకు పేరు, తయారుచేసినవాళ్ల చిరునామా వేయాలన్నవి దాని కింద 1955లో వచ్చిన నిబంధనలు. పాలలో నీళ్లు, నూనెలో ఇంకో నూనె, ఇవీ అప్పటి భయాలు. కాబట్టి దొంగ దొరకాలన్నదే ధ్యాస. తినేవాళ్లకి వివరం చెప్పాలన్న ఆలోచన తక్కువ.

ధరది వేరే దారి. అది తూనికలు, కొలతల శాఖ పని. 1977 నిబంధనలు వచ్చాక కూడా ప్యాకెట్ మీద ‘స్థానిక పన్నులు అదనం’ అని ఉండేది. ఆ అదనం ఎంతో కొట్టువాడే చెప్పేవాడు! 1990లో పన్నులన్నీ కలిపిన ఎమ్మార్పీ తప్పనిసరి చేశాకే ఆ పేచీ తీరింది. ఇప్పటికీ బరువు తగ్గితే ఒక శాఖ, పచ్చడి పాడైతే మరో శాఖ.

రంగు చుక్కలు 2000, 2001లో వచ్చాయి. గోధుమరంగుది మాంసాహారానికి, ఆకుపచ్చది శాకాహారానికి. రెండూ గుండ్రమే. రంగులు సరిగా పోల్చుకోలేనివాళ్ల సంగతి తట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది: 2020 నాటి లేబుల్ నిబంధనల్లో మాంసాహార గుర్తు త్రికోణమైంది.

చెల్లాచెదురుగా ఉన్న ఆహార చట్టాలన్నిటినీ 2006 చట్టం ఒక గొడుగు కిందికి తెచ్చింది. 2011 ఆగస్టు 5 నుంచి అమలు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) పేరు పక్కన కనిపించే 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు దాని పుణ్యమే. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. సరుకుల జాబితా కూడా బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకి రాయాలి. ‘నేతి మిఠాయి’ జాబితాలో పామాయిల్ నెయ్యి కంటే ముందుంటే ఇక అర్థమైనట్టే.

ఒక విచిత్రం. అలర్జీ తెచ్చేవాటిలో వేరుశనగ, పాలు, సోయా వంటివి మన నిబంధనల్లో ఉన్నాయి, ఆవాలు లేవు. యూరప్‌లో ఉన్నాయి. అంటే ఆవపిండి గురించి అక్కడ హెచ్చరించాలి, ఇక్కడ అక్కర్లేదు.

2020 నిబంధనలు ‘బెస్ట్ బిఫోర్’ని, అంటే ఈలోగా తింటే నాణ్యత బాగుంటుందని చెప్పే తేదీని, ఐచ్ఛికం చేసి, ఆ తర్వాత తినకూడదని చెప్పే గడువు తేదీని తప్పనిసరి చేశాయి. మంచి మార్పే. అయితే వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు, కన్నడం అదనంగా వేసుకుంటే వేసుకోవచ్చు. అందుకే మన సీసాకి ముందువైపు ‘అసలైన ఆంధ్ర ఆవకాయ’ అని పెద్ద తెలుగు అక్షరాలుంటాయి. వెనకంతా ఇంగ్లీషే. మనవణ్ణి చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, ఇది ఎప్పటిదాకా నిలవుంటుందో చెప్పమని ఆ మనవణ్ణే అడగాలి.